ఆసు పక్కన చిన్న ముక్క

1997 మే నెల. లాస్ వెగాస్‌లో ఫ్రీమాంట్ వీధి నడిమధ్యన, ఆరుబయట, పోకర్ బల్ల వేశారు. 312 మందితో మొదలైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో ఇక ఇద్దరే మిగిలారు. ఒకవైపు స్టూ అంగర్. 1980లో, 1981లో ఇదే పోటీ గెలిచినవాడు. ఆ తర్వాత మత్తుమందులకు బానిసై, ఉన్నదంతా పోగొట్టుకుని, ఈసారి ప్రవేశ రుసుము కూడా స్నేహితుడు కడితే వచ్చి కూర్చున్నవాడు. ఎదురుగా జాన్ స్ట్రెంప్, క్యాసినో వ్యాపారంలో పెద్ద ఉద్యోగి.

అంగర్ చేతిలో ఆఠీను ఆసు, కళావరు నాలుగు. స్ట్రెంప్ చేతిలో ఇస్పేటు ఆసు, కళావరు ఎనిమిది. బల్ల మీద ఆసు, ఐదు, మూడు తెరిచారు. అంగర్ తన చిప్స్ అన్నీ ముందుకు తోశాడు, స్ట్రెంప్ సరేనన్నాడు. ముక్కలు బయటపడ్డాయి. నాలుగో ముక్కగా ఇంకో మూడు వచ్చింది. ఇద్దరికీ ఆసుల జత, మూళ్ళ జత. రెండు జతల పక్కన చేరే తోడు ముక్క దగ్గరే తేడా: స్ట్రెంప్‌కు ఎనిమిది పనికొస్తుంది, అంగర్‌కు బల్ల మీది ఐదే గతి. పేకలో మిగిలిన 44 ముక్కల్లో అంగర్‌ను గెలిపించేవి ఏడే ఏడు, నాలుగు రెండ్లు, మూడు నాలుగులు. పది లక్షల డాలర్ల బహుమతి తెరవాల్సిన ఒక్క ముక్క మీద ఆగింది.

ప్రపంచ పోటీ ఆఖరి ఆటలో ఇద్దరు దిట్టల చేతుల్లోనూ ఉన్నవి పోకర్ పాఠాల్లో కొత్తవాళ్ళకు వద్దని చెప్పే ముక్కలే. ఆసు ఉంది కానీ దాని పక్కన బలమైన తోడు లేదు. ఇలాంటి చేతిని ఎప్పుడు పట్టుకోవాలి, ఎప్పుడు పడేయాలి అన్న ప్రశ్నకు ఆటగాళ్ళు జవాబు కూడగట్టుకోవడానికి వందేళ్ళకు పైగా పట్టింది. ఆ జవాబులో సగం ముక్కల్లో ఉంది, సగం కూర్చున్న చోటులో ఉంది.

ముందు ఆసు సంగతి. ఈ మాట మూలం లాటిన్‌లోని 'ఆస్'. రోమన్ల నాణెం పేరది, ఒక యూనిట్ అన్న అర్థం కూడా ఉంది. పాచికల ఆటలో ఒక్క చుక్క పడితే యూరప్‌లో 'ఏస్' అన్నారు, అంటే అన్నిటికంటే చిన్న పందెం. పేకలోకి వచ్చాక ఆ ఒకటి మెల్లగా మెట్లెక్కి రాజును దాటింది. ఫ్రెంచి విప్లవంలో సామాన్యుడు రాజును మించాడు కాబట్టి ఆసు పైకెక్కిందని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. కానీ ఆసే పై ముక్కగా ఆడే పికెట్ లాంటి ఆటలు ఫ్రాన్స్‌లో విప్లవానికి చాలా ముందునుంచీ ఉన్నాయి. ఇంగ్లండులో ఇస్పేటు ఆసు మీద ప్రభుత్వ ముద్ర ఉండేది. పేక మీద పన్ను కట్టినట్టు అదే రుజువు. ఆ ముక్కను దొంగచాటుగా అచ్చువేసినందుకు 1805లో రిచర్డ్ హార్డింగ్ అనే వ్యక్తిని ఉరితీశారు.

తెలుగువాళ్ళకు ఆసు ఇంగ్లీషు బడులతో వచ్చిన మాట కాదు. మన పేకముక్కల పేర్లలో సముద్రం మీద వచ్చిన వర్తకుల గొంతులు వినిపిస్తాయి. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. వాళ్ళ భాషలో 'క్లావర్' మన కళావరు, 'హార్టెన్' మన ఆఠీను, 'ఆస్' మన ఆసు. రమ్మీ ఆడే తెలుగింటివాళ్ళకు ఆసుకున్న రెండు ముఖాలూ తెలుసు. రాణి, రాజు పక్కన చేరితే పైముక్క. రెండు, మూడు పక్కన చేరితే ఒకటి. పోకర్ చరిత్రలో ఈ రెండో ముఖం పెద్ద మలుపులే తిప్పింది.

పోకర్ పుట్టినప్పుడు మాత్రం 'బలహీనమైన ఆసు' అనేదే లేదు. పంతొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాల్లో న్యూ ఆర్లీన్స్ చుట్టుపక్కల, మిసిసిపీ నది మీది ఆవిరి పడవల్లో ఈ ఆట రూపు దిద్దుకుంది. ఫ్రెంచివాళ్ళ 'పోక్' ఆట దీనికి దగ్గరి పూర్వీకుడు. జోసెఫ్ కోవెల్ అనే ఇంగ్లీషు నటుడు 1829లో చేసిన పడవ ప్రయాణంలో చూసిన పోకర్ గురించి 1844లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాశాడు. ఆ రోజుల్లో పేకలో 20 ముక్కలే. ఆసు, రాజు, రాణి, జాకీ, పది, అంతే. నలుగురు ఆటగాళ్ళకు తలా ఐదు పంచితే పేక ఖాళీ. ఆ ఆటలో ఐదు ముక్కల చేతిలో కనీసం ఒక ఆసు ఉండే అవకాశం 72 శాతం. ఆసు పక్కన చేరగల అతి చిన్న ముక్క పది. వరసలకూ, ఒకే జాతి ముక్కలకూ విలువ లేదు. నాలుగు ఆసులున్నవాణ్ణీ, నాలుగు రాజులతో ఒక ఆసు ఉన్నవాణ్ణీ ఎవరూ ఓడించలేరు. అందుకే పడవల మీది మోసగాళ్ళ చేతివాటమంతా ఆసుల చుట్టూ, రాజుల చుట్టూ తిరిగేది.

ఆడేవాళ్ళు పెరిగారు. 20 ముక్కలు చాలక 52 ముక్కల పేక వచ్చింది. దాంతోపాటు పనికిరాని ముక్కలు పడేసి కొత్తవి తీసుకునే 'డ్రా' పద్ధతి, ఒకే జాతి ఐదు ముక్కలకు విలువ, ఆ తర్వాత వరసలకు విలువ ఒక్కొక్కటిగా చేరాయి. ఆసు-రెండు, ఆసు-ఏడు లాంటి జోడీలు అప్పుడే పుట్టాయి.

ఇక చోటు సంగతి. చాలా పేకాటల్లో పంచే వంతు ఒకరినుంచి ఒకరికి తిరుగుతుంది. డ్రా పోకర్‌లో పంచినవాడు అందరి తర్వాత ముక్కలు మార్చుకుంటాడు. ఎదుటివాళ్ళలో ఎవరు ఒక్క ముక్క తీసుకున్నారో, ఎవరు మూడు తీసుకున్నారో చూశాకే అతని వంతు. మూడు మార్చుకున్నవాడి దగ్గర జత మాత్రమే ఉందని, ఒకటి మార్చుకున్నవాడు వరస కోసమో రెండు జతలను మించడం కోసమో చూస్తున్నాడని ఊహించవచ్చు. పంచేవాడు మోసం చేయడానికి కూడా అదే అనువైన చోటు కాబట్టి వంతు ఎవరిదో అందరికీ కనబడాలి. అమెరికా పడమటి పల్లెల్లో దీనికోసం ఒక గుర్తును బల్ల మీద తిప్పేవాళ్ళు. దాని పేరు 'బక్'. జింక కొమ్ము పిడి ఉన్న చాకును అలా వాడేవాళ్ళని, పేరు అలా వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. మార్క్ ట్వేన్ 1872లో వెలువరించిన 'రఫింగ్ ఇట్'లో ఈ మాట కనిపిస్తుంది. వంతు వద్దనుకున్నవాడు ఆ గుర్తును పక్కవాడి ముందుకు తోసేవాడు. బాధ్యత పక్కవాడి మీదికి నెట్టడం అనే అర్థంలో ఆ మాట అమెరికన్ల నోళ్ళలో స్థిరపడింది. పోకర్ అంటే ప్రాణమిచ్చే అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్, బక్ తన దగ్గరే ఆగుతుందని రాసిన పలకను బల్ల మీద పెట్టుకున్నాడు.

ఆసులు, చోటు ఒకే కథలో కలిసిన సంఘటన 1876 ఆగస్టు 2న జరిగింది. డకోటా ప్రాంతంలో బంగారు గనుల ఊరు డెడ్‌వుడ్. నట్టల్ అండ్ మాన్ సారాకొట్టులో వైల్డ్ బిల్ హికాక్ పోకర్ ఆడుతున్నాడు. శత్రువులు చాలామంది ఉన్న మనిషి కాబట్టి ఎప్పుడూ గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. ఆ రోజు ఆ కుర్చీలో ఇంకొకరున్నారు. మార్చుకుందామని అడిగితే ఒప్పుకోలేదు. తలుపు వైపు వీపు పెట్టి కూర్చున్న హికాక్‌ను జాక్ మెక్‌కాల్ వెనకనుంచి కాల్చి చంపాడు. చనిపోయేటప్పుడు ఆయన చేతిలో నల్ల ఆసులు రెండు, నల్ల ఎనిమిదులు రెండు ఉన్నాయని ప్రతీతి. ఆ కాలపు పత్రికలు మాత్రం ముక్కల మాట ఎత్తలేదు. ఫ్రాంక్ విల్‌స్టాక్ 1926లో రాసిన జీవితచరిత్రతోనే ఈ సంగతి లోకంలో పాకింది. ఆసులు, ఎనిమిదుల జోడీకి 'చచ్చినవాడి చెయ్యి' అనే పేరు నేటికీ ఉంది.

డ్రా పోకర్‌లో ఎవరి ముక్కలు వాళ్ళవి. టెక్సస్‌లో పుట్టిన హోల్డెమ్ దీన్ని తిరగేసింది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో రాబ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో ఈ ఆట మొదలైందని టెక్సస్ చట్టసభ 2007లో తీర్మానించింది. ఒక్కొక్కరికి రెండే ముక్కలు మూసి వేస్తారు. బల్ల మధ్యన అందరికీ ఉమ్మడిగా ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి తెరుస్తారు. ఏడింటిలో మేలైన ఐదు ఎవరివైతే వాళ్ళదే గెలుపు. ముక్కలు వేశాక ఒకసారి, ఉమ్మడి ముక్కలు తెరిచిన ప్రతిసారీ ఒకసారి, మొత్తం నాలుగు విడతల పందెం. ఉమ్మడి ముక్కలు వచ్చాక జరిగే మూడు విడతల్లోనూ పంచేవాడి వంతే ఆఖరు. డ్రా పోకర్‌లో ఒక్క విడతలో దక్కే సౌకర్యం ఇక్కడ మూడింటిలో దక్కింది.

డాయిల్ బ్రన్సన్, అమరిల్లో స్లిమ్, సెయిలర్ రాబర్ట్స్ అనే ముగ్గురు ఉమ్మడి పెట్టుబడితో టెక్సస్ ఊళ్ళన్నీ తిరుగుతూ ఈ ఆట ఆడారు. పోలీసుల దాడులు ఒకపక్క, తుపాకులతో వచ్చే దోపిడీదొంగలు ఇంకోపక్క. ఫెల్టన్ 'కార్కీ' మెక్‌కార్కడేల్ 1963లో లాస్ వెగాస్‌లోని కాలిఫోర్నియా క్లబ్బులో హోల్డెమ్‌ను పరిచయం చేశాడు. 1970లో బెన్నీ బినియన్ తన హార్స్‌షూ క్యాసినోలో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మొదలుపెట్టాడు. తొలి విజేత జానీ మాస్‌ను తోటి ఆటగాళ్ళే ఓట్లతో ఎన్నుకున్నారు.

క్యాసినోలో ముక్కలు పంచడం ఉద్యోగి పని, అతను ఆడడు. అయినా వంతు తిరగాలి కాబట్టి, ఈ ఆటలో పంచేవాడు వీడే అనుకోండి అని చెప్పేందుకు తెల్లటి గుండ్రని ప్లాస్టిక్ బిళ్ళ వచ్చింది. అదే 'బటన్'. జింక కొమ్ము చాకుకు అది వారసురాలు. ప్రతి ఆటకూ ఒక కుర్చీ చొప్పున ఎడమకు జరుగుతుంది. దాని ముందున్న చోటును కటాఫ్ అంటారు. పోకర్‌లో చివరి చోట్లు అంటే ముఖ్యంగా ఈ రెండే. బటన్‌కు ఎడమన ఉన్న ఇద్దరు ముక్కలు చూడకముందే నిర్ణీత పందెం పెట్టాలి, వాళ్ళు చిన్న, పెద్ద బ్లైండ్లు.

ఇప్పుడు చిన్న తోడున్న ఆసును లెక్కలో పెట్టి చూడవచ్చు. రెండు ముక్కల చేతులు మొత్తం 1,326 రకాలుగా పడతాయి. వాటిలో 198 చేతుల్లో ఆసు ఉంటుంది. ఆ 198లో 128 చేతుల్లో ఆసు పక్కనున్నది తొమ్మిదీ అంతకంటే చిన్న ముక్కే. ఆసు చూసి గుండె పొంగిన ప్రతి మూడుసార్లలో దాదాపు రెండుసార్లు దాని తోడు బలహీనమన్నమాట.

తొమ్మిదిమంది కూర్చున్న బల్ల దగ్గర అందరికంటే ముందు నోరు విప్పాల్సినవాడి చేతిలో ఆసు-ఏడు ఉన్నాయనుకుందాం. అతని తర్వాత ఎనిమిదిమంది, పదహారు మూసిన ముక్కలు. వాటిలో ఇంకో ఆసు ఉండే అవకాశం 69 శాతం. ఆ ఆసు పక్కన రాజో రాణో ఉంటే ఇతని పని అయిపోయినట్టే. బల్ల మీద ఆసు పడిందని సంబరపడి పందెం పెంచేకొద్దీ పోగొట్టుకుంటాడు, ఎందుకంటే జత ఇద్దరిదీ ఒకటే, తోడు ముక్క దగ్గర ఓటమి ఇతనిది. ఆసు-రాజు ఎదురైతే ఆసు-ఏడు నాలుగింట ఒక్కసారి కూడా సరిగ్గా గెలవదు. అదే ఆసు-ఏడు బటన్ మీద ఉన్నవాడికి వచ్చి, ముందున్నవాళ్ళంతా ముక్కలు పడేశారనుకుందాం. మిగిలినవాళ్ళు బ్లైండ్లు ఇద్దరే, నాలుగే ముక్కలు. వాటిలో ఆసు ఉండే అవకాశం 23 శాతం. వదిలేసినవాళ్ళు ఆసులు తేలిగ్గా వదలరు కాబట్టి అసలు సంఖ్య ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. అయినా 69కి, దీనికి పోలికే లేదు. పందెం వేస్తే ఇద్దరూ తప్పుకోవచ్చు, ముందే పెట్టిన డబ్బు చేతికొస్తుంది. ఎవరైనా నిలిచినా మిగతా మూడు విడతల్లో ఎదుటివాడి మాట విన్నాకే ఇతను మాట్లాడతాడు. బల్ల మీద ఆసు పడి, ఎదుటివాడు పందెం మీద పందెం వేస్తుంటే తక్కువ నష్టంతో బయటపడవచ్చు.

ఈ తెలివి చాలాకాలం నోటిమాటగానే ఉండిపోయింది. తమ పొట్ట పోషించే విద్యను రాసి అమ్మాలని ఎవరికీ అనిపించలేదు. డేవిడ్ స్క్లాన్‌స్కీ 1976లో హోల్డెమ్ మీద పుస్తకం తెచ్చాడు. వరసగా 1976లో, 1977లో ప్రపంచ పోటీ గెలిచిన బ్రన్సన్, 1978లో 'సూపర్ సిస్టమ్' అనే పెద్ద గ్రంథం అచ్చువేసి వంద డాలర్లకు అమ్మాడు. చోటు ఎంత ముఖ్యమో అందులో పదేపదే చెప్పాడు. వృత్తి రహస్యాలు బయటపెట్టాడని తోటివాళ్ళు నొచ్చుకున్నారు. 1988లో స్క్లాన్‌స్కీ, మేసన్ మాల్మత్ కలిసి అనుభవజ్ఞుల కోసం రాసిన పుస్తకంలో మొదటి చేతులను ఎనిమిది తరగతులుగా విడదీశారు. జాతి కలవని ఆసు-తొమ్మిదికి దక్కింది ఎనిమిదో తరగతి, అంటే ఆఖరి మెట్టు. అంతకంటే చిన్న తోడుతో, జాతి కలవకుండా వచ్చే ఆసులకు అసలు చోటే లేదు. జాతి కలిసిన చిన్న ఆసులను మాత్రం ఐదో తరగతిలో కూర్చోబెట్టారు. చివరి చోట్లలో ఉన్నవాడు ఇంకా కింది మెట్ల చేతులతోనూ ఆడవచ్చని అదే పుస్తకం చెప్పింది.

అయితే బ్రన్సన్ ప్రపంచ పోటీ ఆఖరి ఆటలో ఒకసారి ఓడిపోయింది ఈ చిన్న ఆసుతోనే. 1980లో ఆయన చేతిలో ఆసు-ఏడు, ఎదురుగా యువకుడు అంగర్ చేతిలో ఐదు-నాలుగు. బల్ల మీద ఆసు, ఏడు, రెండు పడ్డాయి. బ్రన్సన్‌కు రెండు జతలు, అంతకంటే ఏం కావాలి? నాలుగో ముక్కగా మూడు తిరిగింది. బల్ల మీది ఆసు ఒకటిగా మారి, రెండు, మూడు, నాలుగు, ఐదుతో కలిసి అంగర్‌కు వరస కట్టింది.

2000లో కథ వేరు. 512 మంది ఆడిన పోటీలో టి.జె. క్లూటియే చేతిలో ఆసు-రాణి, క్రిస్ ఫెర్గూసన్ చేతిలో ఆసు-తొమ్మిది. ఫెర్గూసన్ కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ చేసినవాడు, తండ్రి విశ్వవిద్యాలయంలో క్రీడా సిద్ధాంతం (గేమ్ థియరీ) బోధించిన ఆచార్యుడు. క్లూటియే చిప్స్ అన్నీ పెట్టాక ఫెర్గూసన్ చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. తోడు ముక్క దగ్గర వెనకబడ్డాడని ముక్కలు తిప్పగానే తేలిపోయింది. ఆఖరి ముక్క తొమ్మిది పడి 15 లక్షల డాలర్లు ఆయనవయ్యాయి.

2008లో 6,844 మంది ఆడిన పోటీలో ఆఖరిదాకా వచ్చిన పీటర్ ఈస్ట్‌గేట్ డెన్మార్క్ కుర్రాడు, వయసు 22. చేతిలో ఆసు-ఐదు. రష్యాకు చెందిన ఇవాన్ డెమిడోవ్ చేతిలో నాలుగు-రెండు. బల్ల మీద రెండు, రాజు, మూడు, ఆపైన నాలుగు. డెమిడోవ్‌కు రెండు జతలు కుదిరిన అదే నాలుగుతో ఈస్ట్‌గేట్‌కు ఆసునుంచి ఐదు దాకా వరస పూర్తయింది.

గణితజ్ఞులు ఈ బల్ల దగ్గరికి చాలా ముందే వచ్చారు. జాన్ వాన్ నోయ్‌మన్, ఆస్కార్ మార్గెన్‌స్టర్న్ 1944లో క్రీడా సిద్ధాంతానికి పునాది వేసిన గ్రంథంలో పోకర్‌కు ప్రత్యేక స్థానమిచ్చారు. కానీ వాళ్ళు లెక్కకట్టింది బాగా కుదించిన నమూనాను. అసలు ఆటకు లెక్క తేల్చింది కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో మైకేల్ బోలింగ్ బృందం. ఇద్దరు ఆడే, పందేలకు హద్దున్న హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా ఛేదించామని 2015 జనవరిలో ప్రకటించారు. 4,800 ప్రాసెసర్లు 68 రోజులు నడిచాయి. వాళ్ళ సెఫియస్ ప్రోగ్రాము చోటుకు మొదటిసారిగా కచ్చితమైన ధర కట్టింది: ఇద్దరూ తప్పే చేయకుండా ఆడితే, పంచేవాడి చోటులో కూర్చున్నవాడు వెయ్యి ఆటలకు సుమారు 88 పెద్ద బ్లైండ్లంత డబ్బు గెలుస్తాడు. కేవలం ఆ చోటులో ఉన్నందుకు.

కంప్యూటర్లు ఇంకో సంగతీ తేల్చాయి. తొలి చోట్లలో జాతి కలవని చిన్న ఆసులను పడేయాల్సిందే, పాతవాళ్ళు చెప్పింది నిజమే. బటన్ మీద మాత్రం దాదాపు అన్ని ఆసులూ ఆడదగినవే. జాతి కలిసిన వాటిలో ఆసు-ఆరు కంటే ఆసు-ఐదే మెరుగు. చూపుకు తలకిందులుగా ఉన్నా కారణం రమ్మీ ఆడేవాళ్ళకు వెంటనే తడుతుంది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది ఆసుతో ఒకే వరసలో ఇమడవు. ఐదు, నాలుగు, మూడు, రెండు ఇముడుతాయి.

ఫ్రీమాంట్ వీధిలో ఆ మధ్యాహ్నం అంగర్ చేతిలో ఉన్నది ఆసు-నాలుగు, స్ట్రెంప్ చేతిలో ఆసు-ఎనిమిది. తోడు ముక్క లెక్కలో ఎనిమిదే పెద్దది, ఐదో ముక్క తెరిచేదాకా గెలుపు దానిదే. పంచే ఉద్యోగి ఆఖరి ముక్క తిప్పాడు. రెండు. అంగర్ ఆసు ఒకటైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మూడోసారి ప్రపంచ విజేత అయిన అంగర్ ఏడాదిన్నరకే, 1998 నవంబరులో, లాస్ వెగాస్‌లోని ఒక మోటెల్ గదిలో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 45.